ఆ పాటలో నా బేస్ ఉందా

మా ఇంటికి కొత్తగా ఎవరొచ్చినా నేను చేసే మొదటి మర్యాద వాళ్ళను సోఫా మధ్యలో కూర్చోబెట్టడం. రెండు స్పీకర్లకూ సమానమైన దూరంలో ఉండే చోటు అదొక్కటే. చాయ్ వచ్చేలోపు మా బ్యాండ్ పాట పెడతాను. రెండో చరణం అయిపోయాక చెయ్యెత్తి, "ఇగో, ఇక్కడ వినండి. అడుగు నుంచి ఒక్కొక్క మెట్టే పైకొస్తుంది చూడండి, అది నేను" అంటాను. వాళ్ళు కళ్ళు మూసుకుంటారు, తల ఒక పక్కకు వంచుతారు, మొహమాటానికి "ఆఁ, వినబడుతోంది" అంటారు. మా బావమరిది ఒక్కడే ఉన్నమాట చెప్పాడు. "బావా, నాకైతే మిక్సీల కంకర ఏసినట్టుంది" అన్నాడు. ఆ రోజు వాణ్ణి రెండో చాయ్ తాగుతావా అని అడగలేదు నేను.

అది మేం డిగ్రీ చదివేటప్పుడు చేసిన హెవీ మెటల్ పాట. నలుగురం. నల్లగొండ పక్క పల్లె నుంచి వచ్చి మన్సూరాబాద్‌లో కిరాయికి దిగిన ఇల్లు మాది. మా అమ్మ ఆ సంగీతం విన్నప్పుడల్లా, "గట్ల మొత్తుకుంటే గొంతు నొయ్యదా బిడ్డా ఆ పిలగానికి" అని పాడేవాడి మీద జాలిపడేది. గిటార్ వాయించేవాడు మా క్లాసే, వాళ్ళది కృష్ణా జిల్లా వైపు. నేను బేస్. బేస్ అంటే నాలుగు తీగల గిటార్, మామూలు గిటార్ కంటే దాని గొంతు బాగా కింద ఉంటుంది. పాటకు అది పునాది అంటారు. ఇంటికొచ్చినవాళ్ళు పునాది ఎక్కడ చూస్తారు, గోడల రంగు చూస్తారు. ఆ సంగతి బేస్ కొనుక్కున్నాక గానీ నాకు తట్టలేదు.

రికార్డింగ్ దిల్‌సుఖ్‌నగర్‌లో, ఒక మిఠాయి దుకాణం పైగదిలో జరిగింది. ఆ గదిని నడిపే అన్న బోనాల పాటలు, పెళ్ళి బరాత్ పాటలు, ఎన్నికలొస్తే పార్టీల పాటలు చేసేవాడు. పాత సామాను కొంటామంటూ ఆటోల్లో తిరిగే గొంతు కూడా ఆయనదే. మెటల్ ఆయనెప్పుడూ వినలేదు. మా గిటార్ మొదటిసారి గర్జించగానే పరేషాన్ అయ్యి వైర్లన్నీ పీకి మళ్ళీ పెట్టాడు, ఏదో కాలిపోయిందనుకుని. గోడలకు పాత పరుపులు, కింద నుంచి జిలేబీ నూనె వాసన. ఒక్కొక్కరం విడివిడిగా వాయించాం. పూర్తయ్యాక కంప్యూటర్ పక్కనున్న చిన్న స్పీకర్లలో అందరం విన్నాం. డ్రమ్స్ రేకుల డబ్బాలా ఉన్నాయి, గిటార్ గీపెట్టింది, పాడేవాడు బాత్‌రూంలో ఉన్నట్టున్నాడు. నా బేస్ వినబడలేదు. "చిన్న స్పీకర్లు కదా తమ్మీ, పెద్దగ పెడితే ఇనవడ్తది" అన్నాడు అన్న. నేను నమ్మాను. అప్పట్నుంచీ నా జీవితం పెద్ద స్పీకర్ల కోసం వెతుకులాట అయింది.

పాటను నెట్‌లో పెట్టాం. తర్వాత ఎవరి దారి వాళ్ళది. గిటార్‌వాడు సాఫ్ట్‌వేర్‌లోకి పోయాడు, డ్రమ్స్‌వాడు, పాడేవాడు వేరే ఊళ్ళకు పోయారు, నేను ఎల్బీనగర్‌లో ఒక ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసులో చేరి బాటసింగారం పండ్ల మార్కెట్‌కు లారీలు మాట్లాడే పనిలో పడ్డాను. అప్పుడు ఎవరో, దేశం కాని దేశంలో ఉండేవాడు, మా పాట కింద ఒక మాట రాశాడు. ఇంత చెత్త రికార్డింగ్ ఈ మధ్య వినలేదు, అందుకే అద్భుతంగా ఉంది అని. దాని కింద ఇంకొందరు అవునవును అన్నారు.

నాకు తల తిరిగింది. తిట్టాడా, మెచ్చుకున్నాడా? ఆలోచిస్తే నా సంగతీ అంతేనని తేలింది. కోట్లు పోసి చేసిన ఆల్బమ్‌లు విన్నాను. ప్రతి దెబ్బా కడిగి బోర్లించిన స్టీలు గ్లాసులా శుభ్రంగా ఉంది. ఏది ఎక్కడుందో వేలుపెట్టి చూపించొచ్చు. విని, బాగుందనుకుని, తీసేశాను. ఏ నేలమాళిగలోనో చేసిన బురద బురద రికార్డింగ్ పెడితే మాత్రం చేతుల మీద వెంట్రుకలు లేచి నిలబడేవి. నాకు సంగీతం ఇష్టమా, బురద ఇష్టమా? ఆఫీసులో ఎవర్నైనా అడుగుదామంటే, లారీ ఎప్పుడొస్తుందని వాళ్ళు నన్నడుగుతారు.

అయినా నాకు కావలసింది వేరే. ఆ బురదలో నేనున్నానని రుజువు కావాలి. కోఠిలో హెడ్‌ఫోన్స్ కొన్నాను. వాటిలో లీలగా వినబడ్డాను. ఇంకా మంచివి కొన్నాను. అప్పుడు స్పష్టంగానే వినబడ్డాను. ముఖ్యంగా రెండో చరణం తర్వాత గిటార్ ఒకే చోట నిలబడి రొద పెడుతుంటే, నేను కింద నుంచి మెల్లగా ఎక్కి, ఒక చోట ఆగి, పక్కకు తిరిగి, మళ్ళీ దిగేవాణ్ణి. అంత బాగా వాయించానా అని నాకే ముచ్చటేసేది. స్పీకర్లు కొన్నాక మా ఆవిడ అంది: "గా పాటల నువ్వు తప్పిపోయినవా ఏంది, గిన్ని డబ్బాలు వెట్టి దేవులాడుతున్నవ్?"

ఆమెను నేనెప్పుడూ సోఫా మధ్యలో కూర్చోబెట్టలేదు. వెక్కిరిస్తుందని భయం. ఆదివారం పొద్దున ఫోన్‌లో ఆ పాట పెట్టుకుని నేను బండి కడుగుతుంటే కూడా, "ఇంజిన్ బంజేసినంక గూడ మూల్గుతుందేంది నీ బండి" అనేది. మూలిగేది బండి కాదు, నేనే. బేస్‌ను నోటితో అంటుంటాను, నాకు తెలియకుండానే.

ఈమధ్య దిల్‌సుఖ్‌నగర్ అన్న గది ఖాళీ చేస్తూ గిటార్‌వాడికి ఫోన్ చేశాడట. "మీ పాటల సామాను పాత డిస్కుల వడున్నది తమ్మీ, జర తీస్కపోండ్రి" అని. వాడికిప్పుడు నాగోల్‌లో ఫ్లాట్ ఉంది. అందులో ఒక గది నిండా రికార్డింగ్ సరంజామా. ఆ డిస్కులో మేం నలుగురం వాయించినవి విడివిడిగా ఉన్నాయని, మళ్ళీ శుభ్రంగా కలిపి వచ్చే ఆదివారం నెట్‌లో పెడతానని నన్ను పిలిచాడు. "ఈసారి నీ బేస్ మూసీ అవతలికి వినబడాలి మామా" అన్నాడు. నాగోల్ దాకా బండి మీద కాదు, గాల్లో పోయాను.

కంప్యూటర్ తెర మీద ఒక్కొక్కరి వాయింపూ ఒక్కొక్క వరుసగా, శబ్దం ఆకారంలో బొమ్మలా కనబడుతుంది. డ్రమ్స్ వరుసలున్నాయి. పాడినవాడి వరుస ఉంది. గిటార్ ఉంది. బేస్ అన్న పేరు ఎక్కడా లేదు. వాడు కిందికి జరుపుకుంటూ పోయాడు. అన్నిటికంటే అడుగున ఒక వరుస బూడిద రంగులో, ఆపేసి ఉంది. దానిమీద పేరు "గిటార్ కాపీ".

వాడు దాన్ని తెరిచి వాయించాడు. నా బేస్.

ఏం జరిగిందో అర్థం కావడానికి కాసేపు పట్టింది. గిటార్ బొమ్మ, నా బొమ్మ ఒకదాని కింద ఒకటి పెడితే కవలపిల్లలు. ఆ బరాత్ పాటల పనిలో ఒకే ముక్క పొరపాటున రెండుసార్లు పడుతుందట, అలాంటప్పుడు ఒకదాన్ని ఆపేస్తారట. అన్న కూడా అదే అనుకుని నన్ను ఆపేశాడు. చిన్న స్పీకర్లలో, ఆ గోలలో, మా నలుగురిలో ఒక్కడూ కనిపెట్టలేదు. మంచి రికార్డింగ్ అయ్యుంటే ఆ సాయంత్రమే తెలిసిపోయేది. బురద కాబట్టి ఇన్నేళ్ళు దాచింది.

అంటే మా పాటలో నేను లేను. ఎప్పుడూ లేను.

"పోన్లేరా, ఇప్పుడు పెడదాం" అని వాడు నా వరుసను తెరిచి అన్నీ కలిపి వినిపించాడు. పాట బరువెక్కింది, శుభ్రంగా ఉంది, గది కదిలింది. రెండో చరణం అయిపోయింది. గిటార్ ఒకే చోట నిలబడింది. దాని కింద నేనూ ఒకే చోట నిలబడ్డాను. మెట్లెక్కలేదు, తిరగలేదు, దిగలేదు. మొదట్నుంచి చివరిదాకా గిటార్ ఏది వాయిస్తే అదే, ఒక అంతస్తు కింద.

"నేను వాయించింది గిది కాదురా" అన్నాను.

"నీ చేతులేగా. ఇంకెవరు వాయిస్తారు?"

"గిక్కడ నేను పైకెక్కుతా. రోజూ ఇంటున్న."

వాడు నావైపు వింతగా చూశాడు. "ఎక్కడ విన్నావు? పాతదాంట్లో నువ్వే లేవు కదరా."

సిగ్గేసింది, కోపమొచ్చింది, ఎవరిమీదో తెలియలేదు. అన్న కాపీ అని రాసింది తప్పేం కాదు. నేను నిజంగానే కాపీ వాయించాను. మరి ఇన్నేళ్ళు నాకు వినబడింది ఎవరు వాయించారు? వాడు మంచివాడు, ఎక్కువ అడగలేదు. "నీకు వినబడిందేదో అదే ఇప్పుడు వాయించు, ఆదివారం లోపల పంపు, పెట్టేస్తాను. లేదంటే ఉన్నదే పెడదాం" అన్నాడు.

ఇంటికొచ్చి పాత పాట పెట్టాను, నా మెట్లను పట్టుకుందామని. రెండో చరణం అయిపోయింది. రొద. రొద కింద ఏమీ లేదు. మళ్ళీ పెట్టాను. హెడ్‌ఫోన్స్ మార్చాను. నిన్నటిదాకా గుమ్మంలోంచి పిలిచినంత స్పష్టంగా ఉన్నది ఇప్పుడు లేదు. లేదని తెలిశాక చెవి మొండికేసింది. నోటితో అందామనుకుంటే మొదటి రెండు మెట్లు దాటి ముందుకు పోలేకపోయాను. చేతిలో బేస్ పెట్టుకుని సోఫా మధ్యలోనే కూర్చున్నాను. ఏడుపొచ్చింది, నిజంగానే.

మా ఆవిడ గోంగూర కట్టలు తెచ్చి కింద కూర్చుని ఆకు తెంపుతోంది. "ఏంది, గట్ల కూసున్నవ్?" అంది. వెక్కిరిస్తే వెక్కిరించనీ అని మొత్తం చెప్పాను. ఆమె తెంపుతూనే వింది.

"నువ్వు బండి కడిగేటప్పుడు మూల్గుతవ్ సూడు, గదేనా?" అంది.

"ఏది?"

ఆమె ఆకు మీదనుంచి చూపు తిప్పకుండా గొంతులోనే అంది. మెల్లగా ఎక్కింది. ఒక చోట ఆగింది. పక్కకు తిరిగింది. దిగింది. అదే. నేను బేస్ సర్దుకున్నాను.

"మధ్యల గంతసేపు ఆగినవేంది?" అన్నాను.

"నువ్వు ఆగుతవ్ గద. గక్కడ బట్ట పిండుతవ్. పిండి మల్ల షురూ జేస్తవ్." ఇంత తెలియదా అన్నట్టు చూసింది.

ఆమె గోంగూర తెంపుతూ పాడింది, నేను తీగల మీద వెతుక్కున్నాను. తప్పు మెట్టు ఎక్కితే, "గట్ల గాదు" అని మళ్ళీ పాడింది. బట్ట పిండే ఆగుడుతో సహా వాయించి పంపాను. గిటార్‌వాడు ఫోన్ చేసి, "ఆ గ్యాప్ భలే పెట్టావు మామా, ఎలా తట్టింది?" అన్నాడు. తట్టింది అన్నాను. అది పాటలోంచి పుట్టిందో, బండి కడుగుడులోంచి పుట్టిందో, ఆమె గొంతులో ఏమన్నా మారిందో నాకు తెలిస్తే కదా చెప్పడానికి.

కొత్త పాట వచ్చింది. అందులో నేను ఫోన్ స్పీకర్‌లో కూడా వినబడతాను. ఎవర్నీ సోఫా మధ్యలో కూర్చోబెట్టే పని లేదు. బావమరిది కూడా విని, "ఆఁ, గిప్పుడు ఉన్నవ్ బావా" అన్నాడు. ఆ దేశం కాని దేశంవాడు మాత్రం, పాతదే బాగుండేది అని రాశాడు. ఈసారి నాకు తల తిరగలేదు.

మొన్న ఆదివారం కొత్తది పెట్టుకుని బండి కడుగుతున్నాను. మా ఆవిడ గుమ్మంలోకి వచ్చి నిలబడింది.

"ఏంది, సప్పుడు జేస్తలేవు?"

నిజమే, నేను మూలగడం లేదు. "పాటలనే ఉన్నది గద ఇప్పుడు" అన్నాను.

ఆమె కాసేపు విన్నది. నా బేస్ పైకెక్కింది, ఆగింది, తిరిగింది, దిగింది. నేను బట్ట పిండాను, పాట ఆగినచోట కాదు, తర్వాతెప్పుడో.

"ఇది బంజెయ్యి" అంది. "పాతదే వెట్టు."