ముప్పై ఆరో ఫ్రేములో మూడు ప్రదక్షిణలు

షట్టరు తెరిచింది రాత్రి 9 గంటల 42 నిమిషాలకు. మూసింది 9 గంటల 46 నిమిషాల 30 సెకన్లకు. కెమెరా నుంచి గుడి మొదటి మెట్టుకు పద్నాలుగు మీటర్లు. మెట్లు ఇరవై రెండు. చలి ఆరు డిగ్రీలు. ఫిల్ము చుట్టలో అది ముప్పై ఆరో ఫ్రేము, అంటే చివరిది. ఈ అంకెలన్నీ ఆ రాత్రే నోటుపుస్తకంలో రాసుకున్నాను. తరువాత ఆక్లండ్‌లో ఆ ఫోటో ఎవరిదన్న తగవు వచ్చినప్పుడు నా తరఫున నిలిచిన సాక్షులు ఇవే.

రెండువేల నాలుగు నవంబరులో ఆక్లండ్‌లోని మా ఫ్యాక్టరీ, కొత్త ప్యాకింగ్ యంత్రం మీద శిక్షణకు ఇద్దరు ఇంజనీర్లను మూడు వారాలు జపాన్ పంపింది. అనంతపురం నుంచి వచ్చినవాణ్ణి నేను. రెండోవాడు ఆక్లండ్ శివారు పాపకూరలో నాతో ఫ్లాట్ పంచుకుంటున్న కాకినాడ మనిషి. రెండేళ్లు పెద్దవాడు కనుక అన్నా అనేవాణ్ణి. జపాన్‌లో రాత్రుళ్లు నేను గుళ్లను ఫోటో తీసేవాణ్ణి, అతను టార్చి పట్టుకుని తోడు వచ్చేవాడు. కెమెరా నాది, ఫిల్ము నాది, లెక్క నాది. మసక వెలుతురులో ఫిల్ము మందగిస్తుంది. వెలుతురు కొలిచే మీటరు రెండు నిమిషాలు చూపితే నాలుగున్నర ఇవ్వాలి. ఆ పట్టిక నేను నాలుగు చుట్టలు వృథా చేసి తయారు చేసుకున్నది.

ఆ రాత్రి నాకు కావలసింది ఎర్రని తోరణద్వారం, మెట్లు, పైన చిన్న గుడి. మనిషి జాడ ఉండకూడదు. షట్టరు తెరిచిన నలభై సెకన్లకు అతను ద్వారం దగ్గర బూట్లు విప్పాడు. అక్కడ ఎవరూ విప్పరు. టార్చి వెలిగించుకుని మెట్లెక్కి, గుడి చుట్టూ మూడు ప్రదక్షిణలు చేశాడు. నేను కేక వేస్తే వెనక్కి తిరగకుండానే చెయ్యెత్తి ఆగమన్నాడు.

"ఏందన్నా ఇది! ఫ్రేములో నడుస్తావా?"

"గుడి దాకా వచ్చి చుట్టూ తిరక్కుండా పోతే కాళ్లు ఊరుకుంటాయేంట్రా?"

"ఆ దేవుని పేరన్నా తెలుసునా నీకు?"

"ఆయనకి నా పేరు తెలుసా ఏంటి? సరికి సరి."

మరుసటి రెండు రోజులూ వాన. మూడో రోజు విమానం.

పాపకూరలో, వంటింటి బల్ల మీద వెలుగుపెట్టె పెట్టి, కడిగించి తెచ్చిన స్లైడ్లు ఏరాను. పదకొండు ఉంచాను, ఇరవై అయిదు చెత్త డబ్బాలో వేశాను. ముప్పై ఆరోదాన్ని మూడు సెకన్లు చూసి ఉంటాను. మెట్ల మీద పాకిన ఒక పసుపు గీత, పైన గుడికి దారం చుట్టినట్టు మూడు వరుసలు. కదులుతున్న మనిషి ఎక్కడా పడలేదు, టార్చి మాత్రం పడింది. చెడిపోయిన ఫోటో. పారేశాను.

"పారేత్తన్నావా? నాకిచ్చెయ్," అన్నాడు అతను, అప్పటికే డబ్బాలో చెయ్యి పెట్టి.

"తీస్కపో. నీ టార్చి నువ్వే చూసుకో."

ఈ మాట నేను అన్నాను, దాచను. కాని పారేసిన వస్తువును ఇవ్వడం వేరు, తీసినవాడి పేరును ఇవ్వడం వేరు.

మార్చిలో ఫోటోగ్రఫీ క్లబ్బు వార్షిక పోటీ. నేనక్కడ మూడేళ్ల సభ్యుణ్ణి, అతను జనవరిలో చేరాడు. నా ఆరు స్లైడ్లను తెర మీద చూసి న్యాయనిర్ణేత, కొలతలన్నీ సరిగ్గా ఉన్నాయి, చూడడానికే ఏమీ లేదు అన్నాడు. తరువాత తెర మీదికి వచ్చింది నా ముప్పై ఆరో ఫ్రేము, అతని పేరుతో. మొదటి బహుమతి దానికే. ఆ వెలుగు గీతలు ఎలా సాధించారని ఎవరో అడిగారు. "నడిచాను, అంతే," అన్నాడు. హాలంతా చమత్కారమనుకుని నవ్వింది. అది నిజమని తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే.

శనివారం శాండ్రింగ్‌హామ్‌లో, మనవాళ్ల కిరాణా కొట్టులో బియ్యం బస్తాల మధ్య నిలదీశాను.

"షట్టరు నొక్కిందెవరన్నా?"

"నువ్వే."

"మరి ఫారం మీద నీ పేరెట్ల రాసినావు?"

"నువ్వు చెత్తలో ఏసింది నేను ఏరుకున్నాను. నా వెలుగు తీసేత్తే అందులో ఏముందిరా? నాలుగు కర్రలూ, చీకటీ."

"నాలుగున్నర నిమిషాలు లెక్కపెట్టిందెవరు?"

"గడియారం."

కౌంటరు దగ్గరి ఆంటీ తలెత్తింది. "బాబూ, బియ్యం తూచమంటారా, ముందు మిమ్మల్నిద్దర్నీ తూచమంటారా?"

ఫిర్యాదు రాసి ఇచ్చాను. క్లబ్బు నియమం ప్రకారం ఫోటో షట్టరు నొక్కినవాడిది. కమిటీలో ముగ్గురు. నోటుపుస్తకం తెరిచి వాళ్ల ముందు పెట్టాను. షట్టరు నొక్కే తీగ పొడవు యాభై సెంటీమీటర్లు. ఇరవై రెండు మెట్ల పైన టార్చితో తిరుగుతున్నవాడి చేతిలో అది ఉండటం అసాధ్యం. అతని జాడను ఫోటోలో చూపించిన వెలుగే అతను కెమెరా దగ్గర లేడని రుజువు చేసింది. అతను ఒక్క అంకెను కూడా కాదనలేదు. పదకొండు నిమిషాల్లో తీర్పు వచ్చింది: స్లైడ్ అతనిది కాదు, ఎంట్రీ రద్దు. నేను దాన్ని పోటీకి పంపలేదు కనుక బహుమతి నాకూ లేదు. అది రెండో స్థానంలో ఉన్న, పొగమంచులో గొర్రెల ఫోటోకు పోయింది. రద్దయిన స్లైడ్‌ను మళ్లీ ఎవరి పేరు మీదా పంపకూడదన్నారు.

అతను జేబులోంచి స్లైడ్ తీసి బల్ల మీద పెట్టాడు. "తీసుకో తమ్ముడూ. నీ లెక్క సరిపోయింది."

నేను దాన్ని కిటికీ దగ్గరికి తీసుకెళ్లి గీతలు పడ్డాయేమోనని చూశాను. ఒక వేలిముద్ర ఉంది. తుడిచాను. వెనక్కి తిరిగేసరికి అతను లేడు.

ఆ వారాంతంలోనే ఫ్లాట్ ఖాళీ చేశాడు. ఫ్యాక్టరీలో యంత్రం సంగతులు చీటీల మీద రాసి పంపుకునేవాళ్లం. స్లైడ్ అట్ట మీద అతని పేరు కొట్టేసి నా పేరు రాశాను.

మొత్తం లెక్క ఇది. ఖర్చు: ఫిల్ము చుట్ట ఒకటి, ఫిర్యాదు రెండు పేజీలు, తొమ్మిది వారాలు ఒక్కణ్ణే కట్టిన అద్దె. నష్టం: ఇద్దరికీ మొదటి బహుమతి; అతను తీసుకెళ్లిన టార్చి; రాత్రిపూట తోడు వచ్చే మనిషి ఒకడు. మిగిలింది: స్లైడ్ ఒకటి, ఇరవై నాలుగు మిల్లీమీటర్లకు ముప్పై ఆరు. ఆ తరువాత నేను రాత్రిపూట తీసిన ఫోటోలు: సున్నా.