నాలుగు సొర బుర్రలు

ఇది మొదలైనది 2023 ఏప్రిల్ పదకొండు, మంగళవారం, ఉదయం తొమ్మిది గంటల నలభై నిమిషాలకు. ముప్పై నాలుగేళ్ళు బడిలో లెక్కలు చెప్పినదాన్ని; తేదీ, వేళ రాయకుండా డైరీ మూయను. నిన్న పోస్టులో వచ్చిన కవరు విప్పాక ఆ పేజీ మళ్ళీ తీశాను. కవరులో మా వదినకు ఒక ప్రశంసాపత్రం. ఆమె పేరులో రెండు తప్పులు.

ఆ రోజు హుకుంపేట నుంచి ఒక జీపు మా ఊరికి ఎక్కి వచ్చింది. అందులో ఏదో పరిశోధన సంస్థ డాక్టరుగారు, ఇద్దరు శిష్యులు. అడవి గడ్డికీ మేము పండించే సామకూ చుట్టరికం ఎంత దూరమో, ఏ కొండ సామ ఏ కొండ సామ నుంచి ఎప్పుడు విడిపోయిందో గింజలోని జన్యువులను బట్టి చెబుతారట. ఆయనకు తెలుగు రాదు కనుక దుబాసీ పని నాకు పడింది. ఊళ్ళో అందరూ కాఫీ తోటలకీ కోటా బియ్యానికీ మారిపోయారు. సామ విత్తేది వదిన ఒక్కతే. నాలుగు రకాలు, విత్తనం దాచిన నాలుగు ఎండు సొర బుర్రలు. మూతికి పేడ మెత్తి పొయ్యి పైన వేలాడదీసేది. ముట్టుకుంటే చేతికి మసి. అందులో ఒకటి ఆకలి సామ. మిగతా పంటలకంటే నెల ముందు, ఇంట్లో గింజ నిండుకునే రోజుల్లో చేతికొచ్చేది.

డాక్టరుగారు అడిగింది రకానికి ఒక గుప్పెడు. మా కొండల్లో విత్తనాన్ని విడదీసి ఇవ్వరు. మూతి విప్పిన బుర్ర ఒక్క చేతికే పోవాలి. తీసుకున్నవాడు నింపి తిరిగి ఇవ్వాలి. ఇది వాళ్ళకు తెలియదు. నాకు తెలుసు.

"సగం ఇత్తనం ఎవులైనా ఇత్తారేటి గుంటా? మొత్తం అట్టుకెళ్ళమను. దుక్కి నాటికి బుర్రలు నింపి తెమ్మను" అంది వదిన. నాకు అరవై ఆరు దాటినా ఆమెకు గుంటనే, చిన్నపిల్లనే.

నేను చెప్పాను. జూన్ లోపు తప్పకుండా తెస్తామన్నారాయన. డైరీలో సంతకం కూడా చేయించాను. గుప్పెడు చాలు, మిగతాది ఉంచుకోండి అని ముగ్గురిలో ఒక్కరూ అనలేదు.

"నువ్వు పూసీయేనా?" అంది వదిన.

"నాదే పూచీ" అన్నాను. నాలుగు బుర్రలూ జీపెక్కాయి.

జూన్ పన్నెండు దాకా చూసి ఫోను చేశాను. కొన్ని గింజలు పరీక్షకు పిండి అయ్యాయనీ, మిగిలినవి శీతల గదిలో భద్రంగా ఉన్నాయనీ, బయటికి ఇవ్వాలంటే కమిటీకి అర్జీ పెట్టాలనీ శిష్యుడు చెప్పాడు. మూడు పంటకాలాల్లో పదకొండు అర్జీలు పెట్టాను, నకళ్ళున్నాయి. జవాబులు సున్నా.

"మన్ను సూడని ఇత్తనానికి బద్రమేటి?" అంది వదిన. అంతకు మించి తిట్టలేదు. తిట్టినా బాగుండేది.

నిన్న కవరు పట్టుకెళ్ళి చదివి వినిపించాను. విత్తనాన్ని సంరక్షించినందుకు కృతజ్ఞతలు, కింద నాలుగు నంబర్లు. ఆకలి సామ పేరు ఎక్కడా లేదు. వదిన ఆ కాగితంతో పొయ్యి రాజేసి, "కూకోండి టీచరుగారూ" అంది.

ఏ గింజ ఎన్ని వేల ఏళ్ళ కిందట విడిపోయిందో లెక్క కట్టేవాళ్ళకు ఒక్క జూన్ ఎంతసేపో తెలియలేదు. పోయినవి: బుర్రలు నాలుగు. సామ రకాలు నాలుగు. పంటలు మూడు. నన్ను గుంటా అని పిలిచే మనిషి, ఒకరు.