రెండుసార్లు వినిపించిన నాంది

మా ఊరి పెద్ద చర్చిలో ముసలి ఆర్గన్ వాద్యకారుడికి చేతులు వణకడం మొదలయ్యాక ఆయన బదులు వాయించింది గేర్లోఫ్ వియార్డా. పేరు ముసలాయనది, సంగీతం గేర్లోఫ్‌ది. ఆదివారం కీర్తనకు ముందు తను కట్టిన నాంది వాయించేవాడు. కాలువ మీద మంచు లేచినట్టు లేచేది. ఎక్కడ మొదలైందో తెలిసేది కాదు.

ముసలాయన పోయాక ఆ చోటు తనదేననుకున్నాడు. అయినా మా దగ్గర పోటీ లేకుండా ఎవరినీ కూర్చోబెట్టరు. పొరుగూళ్ల నిర్ణేతలు ఆర్గన్‌కు వీపు పెట్టి కూర్చుంటారు. వరస చీటీలతో తేలుతుంది, పేర్లు చెప్పరు. వాయించేవాళ్లు ఒకరిది ఒకరు వినకుండా వంతు వచ్చేదాకా గోపురం కింది గదిలో ఉంటారు.

ఆ ఏడు నలభై రెండో కీర్తన ఇచ్చారు. దానికి నాంది కట్టడంలోనే గేర్లోఫ్‌కి చలికాలం గడిచింది. వాయించేటప్పుడు నాదం మార్చే ఆర్గన్ పిడులు లాగడానికి పక్కన మనిషి ఉండాలి. భార్య స్యౌక్యె తమ్ముడు డౌవె రోజూ వచ్చి లాగేవాడు. తనూ పోటీలో నిలబడతానంటే గేర్లోఫ్ సంతోషించాడు.

పోటీనాడు స్యౌక్యె నా పక్కన, చలికి కాళ్ల కింద నిప్పుల పెట్టె పెట్టుకుని కూర్చుంది. మొదట వాయించినవాడి నాంది వినగానే ఆమె ముఖం వెలిగింది. తన భర్తే అనుకుందని తర్వాత చెప్పింది. ఇంకెవరెవరో వాయించారు. చివర అదే నాంది మళ్లీ లేచింది, మరింత నింపాదిగా, లోతుగా. స్యౌక్యె కళ్లు దించుకుంది.

ఇద్దరిలో ఒకరు దొంగ అన్నాడు నిర్ణేతల పెద్ద. దీన్ని ఇదివరకు ఎవరి దగ్గరైనా విన్నవాళ్లుంటే చెప్పమన్నాడు. వంటింట్లో గేర్లోఫ్ కూనిరాగం తీయగా విన్నది స్యౌక్యె ఒక్కతే. ఆమె నిప్పుల పెట్టె సర్దుకుంది. ముందు వాయించినవాడిదే పాట అని తేల్చారు. చీటీ విప్పితే డౌవె పేరు.

చర్చి గుమ్మంలో గేర్లోఫ్‌కి డౌవె ఎదురయ్యాడు.

“నువ్వు ఇంకోటి కట్టుకోగలవు బావా. నాకు ఒక్కటీ రాదు.”

“కడితే వినిపించేది నీకేగా డౌవె” అన్నాడు గేర్లోఫ్.

ఇంట్లో స్యౌక్యె ఏడ్చింది. “వాడు నా చేతుల్లో పెరిగాడు. నలుగురిలో దొంగని ఎలా అనను?”

“నన్ను అనొచ్చన్నమాట.”

తర్వాత సముద్రపు కట్ట దగ్గరి చిన్న చర్చిలో అతనికి పని దొరికింది. కొత్త నాందులు చాలానే కట్టాడు. పక్కన మాత్రం ఎవరినీ కూర్చోనివ్వలేదు. పిడి లాగాల్సి వచ్చినప్పుడు వాయించే చేయి ఎత్తి తనే లాగేవాడు, సంగీతం ఆగేది. ఆ ఖాళీల్లో ఆర్గన్ తిత్తి ఊపిరి, బయట గాలి మాత్రమే వినిపించేవి. పిడులు నేను లాగుతానని ఒక ఆదివారం స్యౌక్యె ఆర్గన్ దగ్గరికెక్కే మెట్ల దాకా వచ్చింది.

“చలిగా ఉంది, కింద కూర్చో” అని తలుపు దగ్గరకు వేశాడు.