చిన్నవెన్న, పెద్దవెన్న

ఇప్పటికీ బట్టలుతికే మిషన్ తిరుగుతుంటే చిన్నవెన్న చేతిలో పని ఆగిపోతుంది. చెవి అటు వేసి కూర్చుంటుంది. లోపల తడిబట్టలు దబ్బు దబ్బుమని పడుతుంటే "ఇంకా రాలేదు, ఇంకా రాలేదు" అని తనలో తాను గొణుక్కుంటుంది. చూసినవాళ్ళు పెద్దావిడకి చాదస్తం ముదిరిందనుకుంటారు. అనుకోనీండి, మనకేం పోయింది? ఆవిడ వింటున్నది బట్టల చప్పుడు కాదు.

ఇప్పుడు ఫోన్లు బాగుచేసే కొట్టు ఉన్నచోట ఒకప్పుడు వెన్న దుకాణం ఉండేది. ముందు గదిలో గల్లాపెట్టె, వెనక గదిలో చిలికే పీపా. దుకాణం ఇద్దరు అక్కచెల్లెళ్ళది. వీధి జనం వాళ్ళ అసలు పేర్లు ఏనాడో మరిచిపోయి ఒకరిని పెద్దవెన్న, ఇంకొకరిని చిన్నవెన్న అని పిలిచేవాళ్ళు. పెద్దవెన్న గట్టి మనిషి, మాట పొదుపు. పీపా పిడి ఆవిడది. చిన్నవెన్న వసపిట్ట. గల్లా, కబుర్లు, బేరాలు ఈవిడవి.

ఆ పీపా చెక్కది. కర్రకాళ్ళ మధ్య వేలాడుతూ ఉండేది. మీగడ పోసి, మూత బిగించి, పిడి తిప్పితే పీపాకి పీపా పల్టీలు కొట్టేది. మొదట్లో లోపల మీగడ బుడుంగు బుడుంగుమనేది. కాసేపటికి చిక్కబడి, గొంతు పోయినట్టు మూగబోయేది. కొత్తవాళ్ళు సరిగ్గా ఇక్కడే గాభరాపడి వదిలేస్తారు. ఇంకాస్త తిప్పితే ఉన్నట్టుండి ధబ్బుమని మళ్ళీ గొంతు వచ్చేది, మూతలో బిగించిన అద్దం బిళ్ళ తేటపడేది. అంటే వెన్న వచ్చినట్టే. అప్పుడే ఆపాలి. ఆపకపోతే వెన్న పూసలన్నీ ముద్దకట్టి మజ్జిగని కడుపులో దాచేసుకుంటాయి. ఇక ఎంత కడిగినా పోదు, ఆ వెన్న నిలవుండదు. పెద్దవెన్న అద్దం వంక చూసేదే కాదు, చెవితో విని ఆపేది. చిన్నవెన్నకి ఆ చెవి రాలేదు. దేవుడు ఆవిడకిచ్చిందంతా నోరే కదా!

వాళ్ళింట్లో చిలకడమనే మాట వెన్నతో ఆగేది కాదు. ఎవరైనా పాత గొడవ తవ్వుకుంటూ కూర్చుంటే "ఆ మజ్జిగనే ఎన్నిసార్లు చిలుకుతావే?" అనేది వాళ్ళమ్మ. పరీక్షల పొద్దున కడుపులో తిప్పుతోందని చిన్నది ఏడిస్తే "పీపా మింగావా ఏం?" అనేది. అమ్మ పోయాక ఆ మాట కూతుళ్ళకి మిగిలింది. ఓసారి వర్తకుల సంఘం సమావేశం పెట్టుకుని, మేధోమథనం జరిగిందని గోడకి కాగితం అంటించింది. పెద్దవెన్న దాని ముందు నిలబడి మొత్తం చదివి, "ఎంత వెన్న వచ్చిందట?" అని అడిగి వెళ్ళిపోయింది. వీధి వీధంతా చాలాకాలం అదే చెప్పుకుని నవ్వింది.

ఇంతలో పెద్దవెన్న కుడిభుజం అరిగిపోయింది. జడ వేసుకోవడానికి చెయ్యి పైకి లేచేది కాదు. పొద్దున్నే దువ్వెన పట్టుకుని వచ్చి, మాటా పలుకూ లేకుండా చెల్లెలి ముందు వీపు తిప్పి కూర్చునేది. చెల్లెలు జడ వేసేది. వేస్తూ వేస్తూ లోకంలోని కబుర్లన్నీ చెప్పేది. జడ వేస్తున్నప్పుడు అక్క భుజం వణకడం రోజూ కళ్ళారా చూస్తూనే ఉంది. మోటారుతో తిరిగే పీపా కొనాలి, అక్క చేత ఇక పిడి పట్టించకూడదు. అదొక్కటే చిన్నవెన్న కోరిక. దానికోసమే ఇద్దరూ ఏళ్ళ తరబడి కూడబెట్టిన డబ్బు చిన్నవెన్న చేతిలో ఉంది.

అదిగో, అప్పుడు దిగాడు షేర్లాయన. షేర్లు కొనిపెట్టే బ్రోకరు. వెన్న కోసం వచ్చేవాడు, వచ్చినప్పుడల్లా వెన్నకంటే మెత్తగా మాట్లాడేవాడు.

"డబ్బు ఊరికే పడుంటే మీగడలా పులిసిపోతుందమ్మా. చిలుకుతూ ఉండాలి. ఇది కొనాలి, అది అమ్మాలి, మళ్ళీ కొనాలి. చిలికేకొద్దీ వెన్నే!" అన్నాడు.

"చిలకడం గురించి మాకు చెప్పాలా అన్నయ్యగారూ!" అంది చిన్నవెన్న, మొహం ఇంత చేసుకుని.

ఇంకెవరైనా అయితే ఆ మాటకి పడేవాళ్ళు కారేమో. ఆవిడ పుట్టింది పీపా పక్కన. చిలికితే వెన్న వస్తుందన్నది ఆవిడకి నీళ్ళు పల్లానికి పోతాయన్నంత నిజం. డబ్బంతా ఆయన చేతిలో పోసింది. ఆయన కొన్నాడు, అమ్మాడు, మళ్ళీ కొన్నాడు. ప్రతిసారీ ఒక చీటీ పంపేవాడు. చీటీలు ఎక్కువైనకొద్దీ "పాపం, మన కోసం ఎంత కష్టపడుతున్నాడో!" అని మురిసిపోయి ఆయనకి వెన్న ఊరికే కట్టి ఇచ్చేది. పిచ్చిమాలోకం!

మోటారు పీపా కొనే రోజు వచ్చింది. చిన్నవెన్న కొత్త చీర కట్టుకుని షేర్ల ఆఫీసుకి వెళ్ళింది. కౌంటరులో అమ్మాయి లెక్క తిరగేసి, మొహం చిన్నబుచ్చుకుంది.

"కొన్నప్పుడల్లా కమీషను, అమ్మినప్పుడల్లా కమీషను పోయిందమ్మా. కమీషను కోసమే ఇలా ఊరికే కొని అమ్మడాన్ని మా పనిలో కూడా చిలకడమనే అంటారు. తప్పుపని. మీరు ఫిర్యాదు పెట్టచ్చు."

ఫిర్యాదు పెట్టింది. షేర్లాయన ఉద్యోగం ఊడింది కానీ డబ్బు తిరిగి రాలేదు. మిగిలింది మజ్జిగ కూడా కాదు, పీపా కడిగిన నీళ్ళు.

ఆ సాయంత్రమే అక్క ముందు నిలబడి అంతా చెప్పేసింది. పెద్దవెన్న పూర్తిగా విని, ఒకే ఒక్కటి అడిగింది.

"మధ్యలో ఒక్కసారైనా మూత తీసి చూశావా?"

చిన్నవెన్న తల అడ్డంగా ఊపింది. అంతే, అక్క నోరు మూతపడింది. మర్నాడు పొద్దున దువ్వెన పట్టుకుని రాలేదు. ఎడమచేత్తో జుట్టుని ఎలాగో ముడేసుకుని పీపా దగ్గరికి వెళ్ళిపోయింది. అక్క మామూలుగానే మాట్లాడదు, అయినా ఈ మౌనం వేరు. అక్క తిట్టినా బాగుండునని, జుట్టు పట్టుకుని నాలుగు వాయించినా బాగుండునని చిన్నవెన్న కుళ్ళి కుళ్ళి ఏడ్చింది. వసపిట్ట గొంతు మూగబోయింది. కొనడానికి వచ్చినవాళ్ళు దుకాణంలో ఏదో పోయిందని గమనించారు గానీ ఏం పోయిందో వాళ్ళకి అంతుపట్టలేదు.

ఎండలు పోయి చలి వచ్చింది. ఒక పొద్దున పెద్దవెన్న పిడి పట్టుకుంది కానీ భుజం కదలలేదు. మళ్ళీ ప్రయత్నించింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఏమీ అనకుండా వెళ్ళి మూలనున్న పీట మీద గోడవైపు తిరిగి కూర్చుంది. చిన్నవెన్న గల్లా వదిలేసి వచ్చి పిడి అందుకుంది.

తిప్పింది. బుడుంగు బుడుంగుమంది. ఆ చప్పుడుతో పాటే ఆవిడ లోపల ఇంకో పీపా తిరగడం మొదలైంది. షేర్లాయన నవ్వు, చీటీలు, కొత్త చీర, అక్క అడిగిన ఆ ఒక్క ప్రశ్న. మళ్ళీ షేర్లాయన నవ్వు. నేనెందుకు చూడలేదు, ఎందుకు చూడలేదు అనుకుంటూ తిప్పుతూనే ఉంది. పీపా మూగబోయిందీ తెలియలేదు, ధబ్బుమందీ తెలియలేదు. అద్దం తేటపడింది, కానీ కళ్ళనిండా నీళ్ళున్న మనిషికి అద్దం ఏం కనబడుతుంది?

"ఆపవే!"

చిన్నవెన్న ఉలిక్కిపడి పిడి వదిలేసింది. పీపా దానంతట అదే ఊగి ఊగి నిలిచింది.

"వచ్చేసిందే. ఎప్పుడో వచ్చేసింది" అంది పెద్దవెన్న, గోడవైపు నుంచి తిరక్కుండానే. "ఇంకా ఎన్నాళ్ళు చిలుకుతావు?"

చిన్నవెన్న మూత తీసి చూసింది. పూసలు లేవు. అంతా ఒకటే ముద్ద.

"అక్కా... పాడు చేసేశాను."

"కడిగితే పోతుందిలే."

పోదని ఇద్దరికీ తెలుసు. అయినా ఇద్దరూ పక్కపక్కన నిలబడి చన్నీళ్ళు పోసి పోసి కడిగారు. ఆ వెన్న అమ్మలేదు, పాడయ్యేలోగా తామే తినేశారు. మర్నాడు పొద్దున పెద్దవెన్న దువ్వెన పట్టుకుని వచ్చి చెల్లెలి ముందు వీపు తిప్పి కూర్చుంది. చిక్కులు పడిన ఆ జుట్టు విడదీయడానికి చాలాసేపే పట్టింది.

మోటారు పీపా ఎప్పటికీ రాలేదు. ఆ రోజు నుంచి పిడి చిన్నవెన్నది, చెవి పెద్దవెన్నది. ఈవిడ కబుర్లు చెబుతూ తిప్పేది, ఆవిడ పీట మీద కూర్చుని వినేది, వెన్న రాగానే "ఆపవే" అనేది. పెద్దవెన్న పోయేదాకా దుకాణం అలాగే నడిచింది.

ఇప్పుడు బట్టల మిషన్ పని అయిపోగానే కీచుమని తనంతట తానే ఆగిపోతుంది. ఆపమని ఎవరూ చెప్పక్కర్లేదు. చిన్నవెన్నకి ఆ మిషన్‌లో నచ్చనిది అదొక్కటే.