స్మార్ట్ బోర్డుకు బొగ్గు, సొరాకు

ఈ ఉదయం ఆత్మకూరులో మా బడి తలుపు తీయగానే సొరాకు పసరు వాసన కొట్టింది. లోపల కొత్త స్మార్ట్ బోర్డు నిండా బొగ్గు! హెడ్‌మిస్ట్రెస్‌నైన నేను వెంటనే ఆయాను పిలిచాను.

మనిద్దరం చిన్నప్పుడు చదివిన మర్రిపాడు బడి గుర్తుందా? శనివారాలు బొగ్గు నూరి, సొరాకుతో రుద్ది, నల్లబల్లను నిగనిగలాడించేవాళ్లం. సోమవారం దాకా చేతులు నల్లగానే ఉండేవి.

"ఏంది రమణమ్మా ఈ పని?" అని ఆయా మీద అరిచాను. ఆయా అంటే ఎవరో కాదు, మనతో చదివిన రమణమ్మే.

"బల్ల మసకగా ఉండాదని రుద్దినాను. మనమట్టనే చేసేవాళ్లం కదా? ఇది వేరే బల్లని నాకెవరు చెప్పినారు?"

ఆ బోర్డు మీద టీచర్లందరికీ మూడు రోజులు ట్రైనింగ్ ఇచ్చింది నేనే. రోజూ దాన్ని తుడిచే రమణమ్మను మాత్రం బయట చెప్పులకు కాపలా పెట్టాను.