మూసీ ఈదిన తాళంచెవి

కాదు, మీరెన్నయినా చెప్పండి, పిల్లల చారిత్రక కథల్లో ప్రతి ముసలమ్మ పెట్టెలోనూ రాజుగారి వస్తువే ఎందుకుండాలి? రాజులకు వేరే పని లేదా, ఊరందరి పెట్టెలు నింపడమేనా? ఇంత కోపమెందుకంటే, అలాంటి చెత్త కథ నేనూ ఒకటి రాశాను. రాసి, హాలు నిండా ఉన్న పిల్లల ముందు నా పరువు నేనే తీసుకున్నాను.

మూడేళ్ల కిందటి మాట. అబిడ్స్‌లో మా ఇంట్లో, నానమ్మ పెట్టెలో వేలెడంత వెండి పుల్ల దొరికింది. ఒక కొన వంగి, చీమలు వడ్డించుకునే గరిటెలా ఉంది. ఫోన్‌లో ఫొటో తీసి వెతికితే ‘పురాతన తాళంచెవి’ అంది. పక్క గదిలోనే నానమ్మ ఉంది. అడగొచ్చు కదా? అబ్బే! ఫోన్ చెప్పాక నానమ్మ ఎందుకు?

బొటనవేళ్లతో టకటకా కథ కొట్టేశాను. శత్రువులు కోటను చుట్టుముడతారు. రాకుమారి ఖజానా తాళంచెవిని పళ్ల మధ్య బిగబట్టి, చాదర్‌ఘాట్ దగ్గర మూసీ ఈదేస్తుంది. గన్‌ఫౌండ్రీ ప్రాంతంలో పుస్తకాలు వేసే ఒక మేడమ్‌కు పంపితే, "నాంపల్లి లైబ్రరీలో పిల్లలకు చదివి వినిపించు. వాళ్లకు నచ్చితే పుస్తకం వేద్దాం" అన్నారు. నేను అప్పుడే ఆటోగ్రాఫ్ ప్రాక్టీసు మొదలుపెట్టాను.

ఆ రోజు నానమ్మను ముందు వరుసలో కూర్చోబెట్టాను. కథ చదివి, పుల్లను కత్తిలా పైకెత్తి, "ఇదే ఆ తాళంచెవి!" అన్నాను. పిల్లలు నోళ్లు తెరిచారు.

నానమ్మ కళ్లజోడు సర్దుకుంది. "ఏందే పోరీ, గది తాళంచెవి అని నీకెవడు చెప్పిండు? తాళం లేదు ఏం లేదు, ఒట్టి చెవే! గుబిలి తీసే పుల్ల గది!"

"నానమ్మా, జర ఊకో!" అన్నాను పళ్లు కొరుకుతూ.

"నేనెందుకు ఊకుంట? గుబిలి పుల్లను గా పిల్ల నోట్లె పెట్టిస్తివి గదనే! థూ!"

హాలంతా "థూ!" అంది. రెండు జడల పాప ఒకతి లేచి, "అక్కా, రాకుమారి నోరు కడుక్కుందా?" అని నన్నడిగింది. అంతలోనే నానమ్మ వైపు తిరిగింది. "మరి చెవి పుల్లను ఎందుకు దాచుకున్నరు?"

"మా అమ్మ ఒళ్లె పండవెట్టుకొని దీంతోనే నా చెవులు సాఫ్ చేస్తుండె. కదిలితే గుచ్చుకుంటదని కథలు చెప్తుండె. నా పెండ్లప్పుడు ‘ఎవల మాటా సగం ఇనకు బిడ్డా’ అని చేతిల పెట్టింది."

"గా కథలు మాకు చెప్తరా?" అంది పాప.

కుర్చీలన్నీ బరబరా నానమ్మ వైపు జరిగాయి. నేను పుల్ల పట్టుకుని ట్రాఫిక్ పోలీసులా నిలబడ్డాను. గంట తర్వాత మేడమ్ వచ్చి, "పుస్తకం వేస్తున్నాం" అన్నారు. ఎగిరి గంతేయబోయాను. "మీ నానమ్మ చెప్తారు. నువ్వు టైప్ చెయ్."

కాబట్టి సకల పాఠకుల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: ఇంట్లోవాళ్లను అడగకుండా ఇంట్లోని చెంచా మీద కూడా చరిత్ర రాయను. ఏంటీ, నా రాకుమారి కథే బాగుందంటారా? అయితే ఆ పుల్లను పళ్ల మధ్య పెట్టుకుని ఆ మాట అనగలరా?