మారు అడగని కూర

మా అత్తయ్య పోయిందన్న టెలిగ్రాం బాపట్లలో మా వ్యవసాయ కాలేజీ హాస్టలు మెస్సుకే వచ్చింది. ఆ పూట గుత్తివంకాయ. నేను మారు అడగడానికి నోరు తెరిచాను. సరిగ్గా అప్పుడే వాచ్‌మన్ కాగితం చేతిలో పెట్టాడు. తెరిచిన నోరు అలాగే ఉండిపోయింది. ఆవిడ కబురు అందుకోవడానికి అంతకన్నా తగిన భంగిమ ఉండదని ఆవిడను ఎరిగినవాళ్లంతా ఒప్పుకుంటారు. ఎందుకంటే తన వంట తిని మా మామయ్య ఒక్కసారైనా "ఇంకాస్త వెయ్యి" అంటారేమోనని ఏళ్ల తరబడి గరిటె పట్టుకుని నిలబడ్డ మనిషి ఆవిడ.

పాఠక మహాశయులు తొందరపడి జాలిపడవద్దు. ముందు ఆ వంటలేమిటో వినండి.

తెనాలిలో కాలవగట్టు పక్క సందులో అత్తయ్య, మామయ్య ఉండేవారు. మామయ్య హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరయ్యారు. అవసరమైనదానికన్నా ఒక మాట తక్కువే మాట్లాడతారు. పొద్దున్నే ఇద్దరూ గట్టు వెంట బయల్దేరేవారు. ఆవిడ చేతిలో సంచి, ఆయన చేతిలో గొడుగు. ఆవిడ పని కనబడ్డ ప్రతి ఆకునూ తుంచి వాసన చూడటం. ఆయన పని పామేదైనా ఉందేమో చూడటం. శాస్త్రీయ సలహాదారు పక్కింటి మేక.

"మేక ముట్టని ఆకు మనం ముట్టకూడదురా. మిగతావన్నీ కూరలే" అనేది అత్తయ్య.

"పేరు తెలియనివో?"

"పేరేముంది, మనమే పెడదాం."

పొన్నగంటికూర అందరూ తినేదే గనక ఆవిడ దృష్టిలో దానికి పరువు లేదు. తుమ్మికూర పచ్చడి, గలిజేరు వడియాలు, కలువ దుంపల పులుసు, ఇలా సాగింది ఆవిడ పరిశోధన. వడ్డించాక కూర్చునేది కాదు. మామయ్య విస్తరి ముందు గరిటెతో నిలబడి, ఆయన మొహంలోకి చూస్తూ తన సిద్ధాంతం నాకు చెప్పేది:

"మారు అడిగితే వంట, అడక్కపోతే ప్రయోగం. ఈయన మారు అడిగిన రోజున ఈ గడ్డి పీకడం మానేస్తాన్రా. నాకూ నడుం నొప్పేగా!"

మామయ్య ఆఖరి ముద్ద మింగి, కళ్లజోడు సర్దుకుని, "మజ్జిగ పొయ్యి" అనేవారు.

వంటలతో ఆగితే ఆవిడ మా అత్తయ్య ఎందుకవుతుంది? కాలవను కమ్మేసిన గుర్రపుడెక్కను చూసి ఊరంతా తిట్టుకుంటుంటే ఆవిడొక్కతే మురిసిపోయింది. కాడలు కోసుకొచ్చి, పచ్చివి పచ్చిగానే అల్లి, చక్కటి చాప తయారుచేసి రేపల్లెలో ఉన్న మామయ్యగారి అక్కకు పంపింది. పదిరోజులకు ఉత్తరం వచ్చింది: "మరదలు పంపిన చాప అందినది. ఎండి కుంచించుకుపోయి కాడకీ కాడకీ మధ్య నాలుగు వేళ్ల సందు ఏర్పడినది. ప్రస్తుతం దానిపై పడుకొనుట లేదు. చేపలు పట్టుచున్నాము."

అత్తయ్య రెండుసార్లు చదివించుకుంది. "పడ్డాయో లేదో రాయలేదే!" అంది.

ఆ తర్వాత కాడల్ని నీడలో నెలరోజులు ఆరబెట్టి, జడల్లా పేని, ఒక బుట్ట అల్లింది. అది బుట్టగానే మిగిలింది. సంచికి సెలవిచ్చి, గట్టు మీదికి ఆ బుట్టే పట్టుకెళ్లేది.

ఆవిడ పరిశోధనకు నేను చేసిన సేవ కూడా ఇక్కడ నమోదు కావాలి. ఒకసారి బాపట్ల సముద్రం వైపు ఉప్పు నేలల్లో పెరిగే ఇలకూర గోనెసంచి నిండా కోసి, పాసింజరు బండిలో తెనాలి తీసుకెళ్లాను. అత్తయ్య కళ్లు మెరిశాయి. పెసరపప్పు వేసి, పోపు పెట్టి, చేయి అలవాటు చొప్పున ఉప్పు వేసింది. మొదటి ముద్దతో సముద్రం మొత్తం నా నోట్లోకి వచ్చింది. ఆ మొక్క ఉప్పును ఆకుల్లోనే దాచుకుంటుందని పరీక్షలో రెండు పేజీలు రాసినవాణ్ణి, ఆ ముక్క ఆవిడతో అనాలని తోచలేదు.

"చదువుకున్నావు గదరా, చెప్పద్దూ!"

"మార్కులొచ్చాక మర్చిపోయానత్తయ్యా."

మర్నాడు రెండుసార్లు ఉడికించి, ఆ నీళ్లు వంపేసి, ఉప్పు డబ్బా ముట్టకుండా మళ్లీ వండింది. అమోఘం. నేను నోరు తెరవబోతే, "నువ్వు కాదు, ఆయన" అంది. మామయ్య చెయ్యి విస్తరి మీద నుంచి ఒక అంగుళం లేచింది. అత్తయ్య గరిటె ముంచింది. చెయ్యి కళ్లజోడు దాకా వెళ్లి దిగింది.

"మజ్జిగ పొయ్యి."

అత్తయ్య పోయిన పదకొండో రోజు భోజనాలయ్యాక ఇక ఉండబట్టలేక అడిగాను. "ఒక్కసారి మారు అడిగితే ఏం పోయేదండీ మామయ్యా?"

"అడిగితే మానేస్తానందిగా. మానేస్తే పొద్దున్నే గట్టు మీదికి నాతో ఎవరొస్తార్రా?"

"పాపం, ఆ సంగతి తెలియకుండానే పోయిందండీ."

"తెలీకేం? మారుకని రోజూ ఓ గిన్నెలో విడిగా తీసి మూత పెట్టేది. మూడింటికి నేనెళ్లి ఖాళీ చేసేవాణ్ణి. ఆ గిన్నె కడిగిందెవరనుకున్నావ్? మర్నాడు బుట్ట పట్టుకుని, 'ఇవాళైనా అడుగుతారేమో, పదండి' అనేది."

ఆయన అన్ని మాటలు వరసగా మాట్లాడటం నేను వినడం అదే మొదటిసారి.

పోయిన ఆదివారం చెప్పకుండా తెనాలి వెళ్లాను. మామయ్య వంటింట్లో ఉన్నారు. నాకు విస్తరి వేసి, ఏదో ఆకుకూర వడ్డించి, గరిటె పట్టుకుని ఎదురుగా నిలబడ్డారు.

"ఇదేం కూరండీ?"

"తెలీదురా. మేక తిన్నది."

ఒట్టేసి చెబుతున్నాను, బాగుంది. మారు అడగడానికి నోరు తెరిచాను. ఆయన గరిటె ముంచారు. ఎందుకో నా చెయ్యి ముక్కు దాకా వెళ్లింది. నాకు కళ్లజోడు లేదన్న సంగతి అప్పుడు గుర్తొచ్చింది.

"మజ్జిగ పొయ్యండి మామయ్యా" అన్నాను.

ఆయన గరిటె పక్కన పెట్టి మజ్జిగ పోశారు. తర్వాత మిగిలిన కూర ఒక గిన్నెలోకి తీసి, మూత పెట్టారు.

మర్నాడు పొద్దున్నే నేను లేచేసరికి గోడకున్న మేకుకి అత్తయ్య బుట్ట లేదు. కిటికీలోంచి చూస్తే గట్టు మీద ఒక గొడుగు మెల్లగా వెళ్తోంది, వెనకాలే పక్కింటి మేక.